గడప దగ్గర కుడికాలు

నేను రిటైరై ఏడాది దాటింది. అయినా గుంటూరు బస్టాండులో ఎవరైనా ఒక కాలు ఈడుస్తూ నడుస్తుంటే నా కళ్లు వాళ్ల ముఖం మీదికి పోవు, నడుము మీదికి పోతాయి. బరువు ఏ కాలి మీద వేస్తున్నారు, తిరిగేటప్పుడు ఎటు తూలుతున్నారు, పక్కనున్న కొడుకు రెక్క పట్టుకుని లాగుతున్నాడా, నడుము దగ్గర చెయ్యి ఉంచాడా, అన్నీ చూసేస్తాను. మా ఆయన నవ్వుతాడు. "బస్సు వచ్చింది, ఇక నీ పేషెంటుని వదిలెయ్" అంటాడు.

ఆసుపత్రి ఫిజియోథెరపీలో ముప్ఫై ఏళ్లకు పైగా పనిచేశాను. అందులో ఎక్కువ భాగం పక్షవాతం వచ్చినవాళ్లతోనే గడిచింది. ఈ మధ్య మా వీధిలో ఒకమ్మాయి ఇదే చదువు పూర్తిచేసి ఉద్యోగంలో చేరబోతూ, "ఆంటీ, ఈ పనిలో అసలు ఏముంటుంది?" అని అడిగింది. ప్రమోషన్లు, బదిలీలు చెప్పబుద్ధి కాలేదు. అవి ఏ ఉద్యోగంలోనైనా ఉండేవే. కానీ కాలూ చెయ్యీ పడిపోయిన మనిషి తన రెండు కాళ్ల మీద లేచి, దేన్నీ పట్టుకోకుండా కాసేపు నిలబడటం ఉంది చూశారూ, దాన్ని నేను లెక్కలేనన్నిసార్లు చూశాను. ఒక్కసారి కూడా పాతబడలేదు. అందుకే ఆ అమ్మాయికి చెప్పాలనుకున్నది ఇక్కడ రాస్తున్నాను.

కరెంటు పెట్టరా?

మన వైపు ఫిజియోథెరపీ అంటే మిషనుతో కండరాలకు కరెంటు పెట్టడం. పేషెంటు వచ్చి కూర్చోగానే ఇంట్లోవాళ్లు అడిగే మొదటి మాట, "కరెంటు ఎప్పుడు పెడతారండీ?" అని. కరెంటు పెట్టకుండా "లేచి నిలబడండి, బరువు ఈ కాలి మీద వెయ్యండి" అంటే మొహాలు మాడిపోతాయి. ఇందుకోసం ఇంత దూరం రావాలా అన్నట్టు చూస్తారు.

మొదట్లో నాకు ఒళ్లు మండేది. పక్షవాతానికి మందని పావురం నెత్తురు రాయించుకుని వచ్చినవాళ్లను చూస్తే ఇంకా మండేది. నిలబెట్టి క్లాసు పీకేదాన్ని. నా క్లాసు విని తలాడించి, బయటికి వెళ్లాక మళ్లీ అదే చేసేవాళ్లు. తర్వాత్తర్వాత తెలిసిందేమిటంటే, మనం కోప్పడితే వాళ్లు మానుకునేది ఆ పనిని కాదు, దాన్ని మనకు చెప్పడాన్ని. పేషెంటు మనకు చెప్పడం మానేసిన రోజున మన వైద్యం సగం గుడ్డిదైపోతుంది. ఈ సంగతి నాకు ఎంత ఆలస్యంగా ఎక్కిందో కింద చెబుతాను.

చేతులు తియ్యి

ఉద్యోగంలో చేరిన కొత్తలో మా పెద్దసారు ఒకాయన ఉండేవారు. పొట్టి మనిషి. మాట కటువు. చీమకుర్తిలో రాళ్లు కోసే యూనిట్లో పనిచేసే ఒకాయనకు ఎడమ పక్క పడిపోతే నాకు అప్పగించారు. నెల తిరిగేసరికి ఆయన నా పక్కన మా కసరత్తుల హాలంతా నడుస్తున్నాడు. నేను ఆయన మోచేతి కింద చెయ్యి వేసి నడిపిస్తూ, పెద్దసారు చూస్తే బాగుండునని ఒకటే ఆరాటం.

చూశారు. దగ్గరికి వచ్చి, "చేతులు తియ్యమ్మా" అన్నారు.

తీశాను. చీమకుర్తి ఆయన రెండంగుళాలు పక్కకి ఒరిగి ఆగిపోయాడు. పెద్దసారు పట్టుకోకపోతే పడేవాడే.

"నెల నుంచి నడుస్తున్నది నువ్వు, ఈయన కాదు" అన్నారు పెద్దసారు. అందరి ముందూ. నాకు తల కొట్టేసినట్టయింది. ఇంటికి వెళ్లి అన్నం కూడా సయించలేదు.

కానీ ఆ మాట నిజం. పట్టుకున్న చెయ్యి మీద ఆనుకోవడం నేర్చుకున్న ఒళ్లు, తన నిలకడ తను వెతుక్కోదు. పడకుండా చూడటానికి మన చెయ్యి దగ్గరలో ఉండాలి గానీ తగులుతూ ఉండకూడదు. మరుసటి రోజు నుంచి అలాగే చేశాను. పది రోజుల తర్వాత ఆ చీమకుర్తి ఆయన నా చెయ్యి లేకుండా కిటికీ దాకా వెళ్లి, వెనక్కి తిరిగి, "ఏందమ్మా, ఈసారి ఎవరు నడిచారు?" అని అడిగాడు. పెద్దసారు అవతల గదిలోంచి గట్టిగా నవ్వడం వినిపించింది. ఆ కటువు మనిషి మీద నాకు కోపం ఆ రోజుతో పోయింది.

సుబ్బమ్మ మేస్త్రి

ఇక అసలు సంగతికి వస్తాను. రిటైరవడానికి కొన్నాళ్ల ముందు పర్చూరు అవతల పల్లె నుంచి సుబ్బమ్మ అనే ఆవిడ వచ్చింది. అరవై దగ్గర పడుతున్న మనిషి. మిరపకాయ కోసే ఆడకూలీల ముఠాకు మేస్త్రి. పొద్దున్నే ఆటోల్లో మనుషుల్ని ఎక్కించడం, చేలో ఎవరికి ఏ సాలో చెప్పడం, కాయ తొక్కేస్తే అరవడం ఆవిడ పని. ఆ గొంతు ఈ చేలో అరిస్తే మూడో చేలో వినబడుతుందని కోడలు పద్మ చెప్పింది.

కుడి కాలూ, కుడి చెయ్యీ పడిపోయాయి. అదృష్టం కొద్దీ మాట పోలేదు, కాస్త ముద్దగా వచ్చేది అంతే. మొదటి రోజే నన్ను కింది నుంచి పైకి చూసి, "మేడమ్, కాయ కోతలు మొదలయ్యే నాటికి నేను గట్టు మీద నిలబడాల. నాకు పరుగులేం వద్దు. నిలబడితే చాలు, నోరుంది, మిగతాది నేను చూసుకుంటా" అంది.

నాకు భలే నచ్చింది ఆ మాట. చాలామంది "మునుపట్లా చెయ్యండి" అంటారు. ఏది కావాలో ఇంత కచ్చితంగా అడిగేవాళ్లు అరుదు. ఎక్కడ నిలబడాలో తెలిసిన మనిషికి నిలకడ నేర్పడం సగం తేలిక.

ఆవిడ పట్టుదల కూడా అలాగే ఉండేది. కుర్చీలోంచి లేవడం, పడిపోయిన కాలి మీద బరువు వేసి మంచి కాలితో చిన్న పీట ఎక్కి దిగడం, మెత్తటి పరుపు మీద నిలబడి ఇటూ అటూ చూడటం, అన్నీ చేసింది. మెట్ల దగ్గర అందరికీ చెప్పే సూత్రమే చెప్పాను: పైకి ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, కిందికి దిగేటప్పుడు పడిపోయిన కాలు ముందు. ఆవిడకి మంచిది ఎడమకాలు. మా హాల్లో చెక్క మెట్ల మీద ఎడమకాలు ముందు పెట్టి టకటకా ఎక్కేది. ఎడమచేతిలో కర్ర పట్టుకుని ఎవరి సాయం లేకుండా వరండా చివరిదాకా వెళ్లొచ్చేది. నేను సంబరపడిపోయి ఇంటికి పంపించాను. వారానికోసారి వచ్చి చూపించుకోమన్నాను.

ఇంట్లో పడింది

ఇంటికి వెళ్లిన రోజే పడింది. తర్వాత రెండు వారాలకు మళ్లీ పడింది, మణికట్టు వాచింది. ఆ పైన మూడోసారి, నుదురు చిట్లింది.

వచ్చిన ప్రతిసారీ నేను అడిగిన ప్రశ్న ఒకటే. "ఎక్సర్‌సైజులు చేస్తున్నారా?" పద్మ ఒకసారి "గడప దగ్గరండీ..." అని ఏదో చెప్పబోయింది. నేను పూర్తిగా విననే లేదు. ఎక్కడ పడితే ఏమిటి, కాల్లో బలం లేకపోబట్టే కదా అనుకున్నాను. "మీరు చేయించడం లేదు, అందుకే ఇలా" అని ఆ పిల్లనే కసిరాను. ఇంకో నాలుగు కసరత్తులు కాగితం మీద రాసిచ్చాను. పద్మ ఆ కాగితం మడిచి సంచిలో పెట్టుకుంది. సుబ్బమ్మ నేల చూపులు చూస్తూ ఊరుకుంది. మూడు చేల అవతలికి వినిపించే గొంతు ఊరుకుందంటే ఏదో ఉందని నాకు తట్టాలి. తట్టలేదు. ముప్ఫై ఏళ్ల అనుభవం అప్పుడు ఏ గంగలో కలిసిందో తెలియదు.

ఆ తర్వాత రెండు వారాలు వాళ్లు రాలేదు. ఫోన్ చేస్తే కొడుకు శ్రీను ఎత్తాడు.

"ఇక తీసుకురామండీ. ఇంకోసారి పడితే తుంటి విరుగుద్ది. ముందుగదిలో నవారు మంచం వేశాం. అక్కడే తిండి, అక్కడే అన్నీ. మా అమ్మ బతికుంటే చాలండీ మాకు" అన్నాడు.

మర్యాదగానే అన్నాడు. అతన్ని తప్పుపట్టడానికి ఏమీ లేదు. కానీ ఈ వృత్తిలో ఉన్నవాళ్లకు తెలుసు, ప్రేమతో వేసిన మంచం ఎంత ప్రమాదమో. ఆరు వారాలు దాని మీద పడుకుంటే నేను నిలబెట్టిందంతా కరిగిపోతుంది. ఆ తర్వాత ఆవిడ గట్టు మీదకే కాదు, దొడ్లోకి కూడా వెళ్లలేదు. కోతలు ఇంకో నెలా పదిరోజుల్లో ఉన్నాయి. మరుసటి సెలవురోజు బస్సెక్కాను.

నువ్వేం పెట్టావు?

వాళ్లది పాత ఇల్లు. వీధిలోంచి రెండు మెట్లు, పైన చిన్న అరుగు, ఆ తర్వాత జానెడు ఎత్తున్న గడప. పసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టి ఉంది. లోపలికి అడుగుపెట్టగానే ఎదురుగా నవారు మంచం, దాని మీద సుబ్బమ్మ. గడ్డం కింద చెయ్యి పెట్టుకుని వీధిలోకి చూస్తోంది. నన్ను చూసి మొహం తిప్పుకుంది.

శ్రీనుని బతిమాలి, ఆవిణ్ని బయటికి నడిపించాను. తలుపు పట్టుకుని నెమ్మదిగా వచ్చేసింది, ఏ ఇబ్బందీ లేదు. వీధి దాకా వెళ్లి వెనక్కి తిరిగింది. ఎడమకాలు ముందు పెట్టి రెండు మెట్లూ ఎక్కింది, నేను నేర్పినట్టే. గడప ముందు ఆగింది. నేను కుడిపక్కన, నడుము దగ్గర చెయ్యి తగలకుండా ఉంచి నిలబడ్డాను.

ఎడమకాలు లేపింది. గాల్లోకి లేచిన ఆ కాలు అక్కడే ఆగింది. వెనక్కి దిగబోయింది. అంతసేపు ఒంటి బరువంతా కుడికాలి మీదే ఉంది. మోకాలు గబుక్కున వంగింది. పట్టుకున్నాను కాబట్టి సరిపోయింది.

నా ఒళ్లు ఝల్లుమంది. భయంతో కాదు. దొరికింది, దొంగ దొరికాడు అన్న సంతోషంతో. కాలికి బలం లేక కాదు, మధ్యలో కాలు మార్చుకోబోయి పడుతోంది.

"ఎందుకు మార్చారండీ? ఎడమకాలే కదా ముందు పెట్టమన్నాను" అన్నాను.

సుబ్బమ్మ నన్ను ఎగాదిగా చూసింది. "ఎడంకాలు పెట్టి ఇంట్లోకి వస్తారా ఎవరన్నా? ఆసుపత్రి నుంచి వచ్చిన రోజున పక్కింటి పెద్దావిడ ఎర్రనీళ్లతో దిష్టి తీసి, కుడికాలు పెట్టి రా అంది. నువ్వేమో ఎడమ అన్నావు. ఏది పెట్టాలో తెలీక పడ్డా. అప్పటినుంచి ఇక్కడికి వస్తే కాలు ఆడదు."

"మరి నాకు చెప్పలేదేం?"

"చెబితే తిడతావు గదా. పద్మని తిట్టావుగా."

నేనింకా తేరుకోలేదు. "అయినా ఈ రోజుల్లో ఏ కాలైతే ఏముందండీ" అని నసిగాను.

"ఇందాక నువ్వేం పెట్టావు?" అంది సుబ్బమ్మ.

నాకు గుర్తులేదు. పద్మ తలుపు చాటు నుంచి మెల్లగా అంది. "మేడమ్ కుడికాలే పెట్టారత్తయ్యా. నేను చూశాను."

ముందు శ్రీను నవ్వాడు. తర్వాత సుబ్బమ్మ. నేను అరుగు మీద కూలబడి కళ్లనీళ్లు వచ్చేలా నవ్వాను. అన్నేళ్లుగా ఎన్ని ఇళ్లలోకి కుడికాలు పెట్టి వెళ్లి, ఎంతమందికి ఎడమకాలు పెట్టమని చెప్పి వచ్చానో. ఎంతమంది పడ్డారో, ఎంతమంది నాకు చెప్పకుండా మంచం ఎక్కారో. నవ్వు అక్కడ ఆగిపోయింది. పద్మకి క్షమాపణ చెప్పాను. ఆ పిల్ల సిగ్గుపడి కాఫీ పెట్టడానికి లోపలికి పోయింది.

శ్రీనుని ఒక నెల అడిగాను. "నెల తర్వాత మీ గడప దగ్గరే చూపిస్తాను. అక్కడ తూలినా సరే, ఇక నేను మాట్లాడను" అన్నాను. అతను మంచం వైపు ఒకసారి చూసి, "మళ్లీ పడితే మంచమేనండీ" అన్నాడు.

చెక్క గడప

ఇక్కడ కొత్తగా చేరేవాళ్లు జాగ్రత్తగా వినండి. నా సూత్రం తప్పు కాదు. ఆ ఇంటి దగ్గర పనికిరాలేదు, అంతే. ఆవిడ నమ్మకాన్ని మార్చడానికి నాకు నెల చాలదు, మార్చాల్సిన పని కూడా లేదు. కుడికాలికి ముందుగా గడప దాటడం నేర్పడానికి నెల చాలు.

వడ్రంగితో వేపచెక్క గడప ఒకటి చేయించి మా హాల్లో పెట్టాను. సుబ్బమ్మ వచ్చింది, చూసింది, శుభ్రంగా దాని మీద కాలు వేసి తొక్కుకుంటూ దాటేసింది. మళ్లీ దాటమంటే మళ్లీ తొక్కింది. నాకు నీరసం వచ్చింది. ఇంట్లో గడప తొక్కదు కాబట్టే కాలు అంత ఎత్తు లేపాలి. ఇక్కడ తొక్కుతూ ఎంత సాధన చేస్తే ఏం లాభం?

పద్మ నన్ను పక్కకి పిలిచి, "అది ఉత్త చెక్కండీ. రేపు నేను చూస్తాను" అంది. మరుసటిసారి వచ్చేటప్పుడు పొట్లంలో పసుపూ కుంకుమా తెచ్చింది. చెక్కకి పసుపు రాసి, వరసగా బొట్లు పెట్టింది. సుబ్బమ్మ దాని ముందు నిలబడింది. ఆ కుడికాలు, నేను నెలల తరబడి లేపు లేపు అని గొంతు చించుకున్న కాలు, చెక్కకి తగలకుండా పైకి లేచింది. నేను చప్పట్లు కొట్టేశాను. హాల్లో ఉన్న పేషెంట్లందరూ తిరిగి చూశారు.

అక్కడి నుంచి పని ఉరకలేసింది. ఎడమచెయ్యి ద్వారబంధం మీద ఆనించాలి. ఎడమకాలి మీద పూర్తిగా నిలబడి మూడు లెక్కపెట్టాలి. కుడి మోకాలు లేపి, వేళ్లు దాటాయని చూసుకుని, మడమ అవతల ఆనించాలి. అసలు కష్టం అప్పుడు మొదలవుతుంది. బరువంతా ఆ కుడికాలి మీదికి తెచ్చుకుని, వెనకున్న ఎడమకాలిని దాటించాలి. ఆ ఒక్క క్షణం కుడికాలు ఒంటరిగా ఆవిణ్ని మొయ్యాలి. దానికోసమే రోజుకి ఎన్నిసార్లో పీట మీద ఎడమకాలు ఎక్కించి దించాను. గోనెసంచుల్లో మట్టి పోయించి, గట్టు ఎలా ఉంటుందో అలా ఎగుడుదిగుడుగా పరిచి దాని మీద నిలబెట్టాను. ఆవిడ అక్కడ నిలబడి అవతల చెయ్యి ఊపుతున్న ముసలాయన్ని, "ఒరేయ్ తాతా, చెయ్యి సరిగ్గా ఎత్తు" అని గదమాయించేది. ముఠా లేకపోతే హాలునే ముఠా చేసుకుంది.

ఒకరోజు రౌండ్స్‌కి వచ్చిన సూపరింటెండెంటు గారు పసుపు గడప చూసి, "ఇదేంటమ్మా, ఆసుపత్రా పూజగదా?" అన్నారు. చెప్పాను. విన్నారు. "పై నుంచి ఎవరైనా వస్తే కనబడనీయకండి" అన్నారు. వెళ్తూ వెళ్తూ బూట్లతో ఆ చెక్కని దాటబోయి, ఆగి, చుట్టూ తిరిగి వెళ్లారు. అంతకన్నా గట్టి రుజువు ఏ పుస్తకంలోనూ నాకు దొరకలేదు.

మంచం

నెల తిరిగింది. మాట ప్రకారం వాళ్ల ఊరు వెళ్లాను. బస్సులో దారంతా ఒకటే ఆలోచన. హాల్లో దాటడం వేరు, పడిన చోటే మళ్లీ దాటడం వేరు.

మంచం అక్కడే ఉంది, దుప్పటి పరిచి. తన పని తను చేశానన్నట్టు శ్రీను గోడకి ఆనుకుని నిలబడ్డాడు. కానీ చేతులు రెండూ ముందుకు చాచే ఉన్నాయి. దిష్టి తీసిన పక్కింటి పెద్దావిడ కూడా అరుగు పక్కకి వచ్చింది.

సుబ్బమ్మ వీధిలోంచి వచ్చింది. రెండు మెట్లూ ఎడమకాలితో ఎక్కింది. గడప ముందు ఆగింది. ఎడమచెయ్యి ద్వారబంధం మీద పెట్టింది. నేను కుడిపక్కన ఉన్నాను. పెద్దసారు మాట గుర్తొచ్చి నా చేతులు రెండూ వెనక్కి తీసుకున్నాను. ఎంత కష్టమైందో నాకే తెలుసు.

ఎడమకాలు కదల్లేదు. కుడికాలు లేచింది. వణికింది. బొట్ల మీదుగా దాటి లోపల ఆనింది. ఇక ఆ కాలి మీదికి రావాలి. ఆవిడ పెదవి బిగించి ముందుకు ఒరిగింది. మోకాలు కొంచెం వంగి, మళ్లీ నిటారుగా నిలిచింది. ఎడమకాలు గడప దాటి దాని పక్కకి చేరింది.

సుబ్బమ్మ లోపల నిలబడి, ద్వారబంధం మీది చెయ్యి కూడా తీసేసింది. ఊరికే నిలబడింది. నా కళ్లు చెమర్చాయి, దాచుకోలేదు.

నడుద్దామని ఒక అడుగు వేసింది. ఎదురుగా మంచం. అప్పుడు వినిపించింది, కోడలు చెప్పిన ఆ మూడు చేల గొంతు.

"ఒరేయ్ శీనూ, ఈ మంచం తీసి బయట పడెయ్. దారికి అడ్డం."

శ్రీను ఒక పక్క, పద్మ ఒక పక్క పట్టుకున్నారు. అదే గడప మీదుగా మంచం బయటికి వెళ్లి అరుగు మీద పడింది. సుబ్బమ్మ ఖాళీ అయిన గదిలో కర్రతో ఆ చివరిదాకా నడిచి, తిరిగొచ్చి, కొడుకు చేత ముఠావాళ్లకి ఫోన్ చేయించి అందుకుంది.

"సోమారం నుంచి కోతకి నేనూ వస్తన్నా" అంది అవతలివాళ్లతో. "ఆటో మా ఇంటి ముందుకే రమ్మను."